మునిగిన వృత్తికి పరిహారము

ఒక గ్రామమునకు ఎగువన చెరువు కట్టదలచిరనుకొందము. దానిక్రింద వేయి ఎకరములు సాగగునని ఊరివారందఱు సంతసింతురు. కాని ఆ నీటియడుగున నలువది ఎకరములు మునిగిపోవును. ఆ నలువది ఎకరములు దున్నుకొని బ్రదుకుచున్న రైతు ఏమి కావలెను? “ఊరికంతకు మేలు గలుగుచున్నది గదా, నీవు నోరు మూసికొనుము” అని వానితో ననుటకు ఎంతటి కఠినునకును నోరాడదు. మన దేశమున 1894వ సంవత్సరపు భూసేకరణ చట్టము, ప్రజోపయోగమునకై భూమిని తీసికొనునప్పుడు బజారున పలుకు వెల నిచ్చుటయే గాక, ఇష్టము లేకున్నను విడువవలసి వచ్చినందులకు నూటికి 15 వంతులు హెచ్చుగా నీయవలెనని విధించినది. పరదేశపు ప్రభువులు చేసిన చట్టమే యైనను అందొక న్యాయము గలదు. పదిమంది మేలునకై ఒకని సొత్తు పోయినచో, ఆ పదిమందియు గలసి వాని నష్టమును తీర్పవలెను.

అయితే మునిగినది భూమి కాక వృత్తి యైనచో? ప్రభుత్వము రేవులు తెఱచి సుంకములు తగ్గించినప్పుడు పరదేశపు సరకు చౌకగా వచ్చును. దానిని కొను ప్రతి యింటికిని ఏటేట కొంత సొమ్ము మిగులును. కాని ఆ సరకునే యిచ్చట చేయుచుండినవాని మగ్గమో, కొలిమియో ఆగిపోవును. లాభము కోటిమందికి రూపాయి చొప్పున పంచబడును. నష్టము వేయిమంది నెత్తిన ఒక్కమాఱుగా పడును. భూమికి పట్టా గలదు, సర్వే నంబరు గలదు. చేతిలోని నేర్పునకు పట్టా యెక్కడిది? అందుచేత దానికి పరిహార మడుగువాడు హక్కుదారుగా గాక యాచకునిగా కనబడును.

ఈ చిక్కునకు చరిత్రయందు మూడు విధములైన సమాధానములు గానవచ్చుచున్నవి. మొదటి రెంటియందును మన తెలుగు సీమ బట్టకు సంబంధము గలదు గనుక వానిని సంగ్రహముగా చెప్పి, మూడవదియగు అమెరికా దేశపు ప్రయత్నమును విశేషముగా విచారింపదలచితిమి. అది 1962లో మొదలిడి అరువది సంవత్సరములు నడచి 2022లో ఆగిపోయినది. అది యెట్లు పుట్టినదో, ఎట్లు ఆగిపోయినదో తెలిసికొనుట మనబోటివారికి మిక్కిలి యవసరము.

మొదటి సమాధానము తలుపు మూయుట. పదునేడవ శతాబ్దాంతమున మచిలీపట్టణపు అద్దకపు బట్టలును, నర్సాపురము దాపుననున్న మాధవాయపాలెపు నేతబట్టలును ఓడలకెక్కి ఇంగ్లండునకు పోవుచుండెను. అచ్చటి దొరసానులు మొదలుకొని పనికత్తెల వఱకు అందఱును వానిని మోజుతో ధరించిరి. మన యద్దకము వారి యుతుకులకు తాళెను, వెల తక్కువ. దానితో అచ్చటి ఉన్నినేతవారికిని, లండను పొలిమేరయందలి స్పిటల్‌ఫీల్డ్సు పట్టునేతవారికిని పని తగ్గిపోయెను. వారు మొఱ్ఱలిడగా ఆంగ్ల పార్లమెంటు 1700వ సంవత్సరమున ఇండియా, పారశీకము, చీనాలనుండి వచ్చు అద్దకపు బట్టల దిగుమతిని నిషేధించెను. తెల్లబట్ట మాత్రము వచ్చుచునే యుండెను. దానిని లండనులోనే అద్దుకొనిరి. 1719లో పట్టునేతవారు గుంపులుగా వీథుల కెక్కి, అద్దకపు గౌనులు తొడిగిన స్త్రీల మీదబడి ఆ బట్టలను చించివైచిరి. సిరాయు ఆమ్లమును చల్లిరి. తుదకు 1721లో అట్టి బట్టలను ధరించుటయే నేరమని మఱియొక చట్టము వచ్చెను. ధరించిన వారికి 5 పౌనుల జుల్మానా.

ఆకలిగొన్న నేతగాండ్ర కోపము మనకు తెలియని కోపము కాదు. కాని ఆ కోపము పడినది ఎవరి మీద? చౌకయైన చీర కొనుక్కొన్న యొక ఆడుదాని మీద. అంతకంటె విశేష మొకటి గలదు. మూసిన తలుపు వెనుకనే లంకషైరులో నూలుబట్ట పరిశ్రమ తలయెత్తి, యంత్రములతో పెరిగి పెద్దదయ్యెను. తుదకు 1860లో ఫ్రాన్సుతో చేసికొన్న వర్తకపు టొడంబడికవలన పట్టుబట్టలపై సుంకము తొలగిపోగా, స్పిటల్‌ఫీల్డ్సు మగ్గములు దిక్కులేనివయ్యెను. నూటనలువది యేండ్లకు పూర్వమే తమ కన్నము కొఱకు వీథులకెక్కిన వారి మునిమనుమల కప్పుడు తలుపును లేదు, తోడును లేదు.

రెండవ సమాధానము మౌనము. దానిని మన తాతలు చవిచూచిరి. పందొమ్మిదవ శతాబ్దమున లంకషైరు యంత్రపు బట్ట మన రేవులలో దిగెను. మాధవాయపాలెము పేరుతో పూర్వము లోకమంతట ప్రసిద్ధికెక్కిన ‘మడపొల్లము’ బట్టను ఇంగ్లీషు మిల్లులు తామే నేసి, ఆ పేరుననే అమ్మసాగినవి. 1882లో మన ప్రభుత్వము నూలుబట్టల దిగుమతి సుంకములను ఎత్తివేసెను. ఖజానాకు సొమ్ము చాలక మరల సుంకము వేయవలసివచ్చినప్పుడు, లంకషైరువారికి కష్టము గలుగకుండునట్లు 1896లో నూటికి మూడున్నర వంతు దిగుమతి సుంకమును, దానికి సరిగా మన మిల్లుల బట్టపై మూడున్నర వంతు ఎక్సైజు పన్నును విధించెను. సముద్రమున కావల నున్న పనివాని కేకలు వినబడినవి. ఇంటి ముంగిటి నేతగాని నిట్టూర్పు వినబడలేదు.

న్యాయముగా చెప్పవలెనన్న, మన చేనేత సమూలముగా నశింపలేదు. నేతగాండ్రు మిల్లు నూలు కొని నేసి ఎట్లో నిలిచిరి. అందఱికంటె ముందుగా, అందఱికంటె నిశ్శబ్దముగా నష్టపోయినవారు నూలు వడకు స్త్రీలు. వితంతువులకును వృద్ధురాండ్రకును ఇల్లు కదలకుండ నాలుగు డబ్బులు తెచ్చిపెట్టుచుండిన రాట్నము అటకెక్కెను. ఎన్ని రాట్నములు ఆగినవో ఏ దొరయు లెక్క వ్రాయలేదు. తెలంగాణపు పద్మశాలీ కుటుంబము లెన్నియో షోలాపురము, బొంబాయి, భివండిలకు తరలిపోయినవి. కఱవు వచ్చినప్పుడు నేతగాండ్రకు నూలిచ్చి నేయించిన సందర్భములు కొన్ని కలవు. అది వానలేమికి చేసిన చికిత్సయే గాని దిగుమతివలని నష్టమునకు చేసినది కాదు. వాన కురియగానే ఆ చికిత్సయు నిలిచిపోయినది.

ఇక మూడవ సమాధానము. తలుపు మూయక, మౌనము వహింపక, తలుపు తెఱచినందున దెబ్బతిన్నవానికి సాయము చేయుట. అమెరికావారు దీనిని ‘ట్రేడ్ ఎడ్జస్టుమెంటు ఎసిస్టెన్సు’ అనిరి. వాణిజ్యపు సర్దుబాటు సాయమని మనము చెప్పుకొనవచ్చును.

ఆ దేశము 1934 నుండియు పరదేశములతో నొడంబడికలు చేసికొనుచు సుంకములను క్రమముగా తగ్గించుచు వచ్చినది. రెండవ ప్రపంచయుద్ధానంతరమున ఐరోపా, జపానులు మరల తేఱుకొని సరకులు పంపనారంభించినప్పుడు, తగ్గింపువలన పని పోయినవారి మాట యేమన్న ప్రశ్న బయలుదేరెను. 1953లో అధ్యక్షుడు ఐసెన్‌హోవరు నియమించిన రాండలు కమిషనులో ఉక్కు కార్మికుల యూనియను అధ్యక్షుడు డేవిడ్ మెక్‌డొనాల్డు ఒక సభ్యుడు. సుంకములు తగ్గింపుడు గాని, దానివలన దెబ్బతిన్న పనివారికిని, ఊళ్లకును, కంపెనీలకును ప్రభుత్వము తోడ్పడవలెనని ఆయన ప్రతిపాదించెను. కమిషను అంగీకరింపలేదు. అయినను ఆ మాట వృథా కాలేదు. 1954లోనే మాసచూసెట్సు రాష్ట్రపు సెనేటరొకడు దానిని బిల్లుగా ప్రవేశపెట్టెను. ఆ రాష్ట్రమున నూలుమిల్లులు ఒకటొకటిగా మూతపడుచుండుట నాయన కన్నులార చూచినవాడు. ఆయనయే జాన్ కెన్నెడీ. బిల్లు నెగ్గలేదు.

ఎనిమిదేండ్లకు కెన్నెడీ అధ్యక్షుడై యుండెను. ఐరోపా దేశములతో బేరమాడి సుంకములను సగమువఱకు తగ్గించు నధికారమును కాంగ్రెసునుండి పొందదలచెను. దానికి కార్మిక సంఘముల సమ్మతి కావలెను. జాతి మేలునకై తీసికొనిన నిర్ణయపు భారమును కొందఱే మోయుట తగదనియు, అందు కొంత ప్రభుత్వము వహింపవలెననియు ఆయన 1962 జనవరిలో కాంగ్రెసునకు తెలియజేసెను. కార్మిక సంఘములు సమ్మతించెను. 1962 అక్టోబరు 11న వాణిజ్య విస్తరణ చట్టమున ఆయన సంతకము చేసెను. పని పోయినవానికి పూర్వపు వారపు జీతములో నూటికి 65 వంతుల మించకుండ, సాధారణముగా 52 వారముల వఱకు భృతి. క్రొత్తపని నేర్చుకొనుటకు శిక్షణ. పనిదొరకు చోటికి తరలిపోవుటకు ఖర్చులు. చదివినంతలో ఇంతకంటె న్యాయమైన చట్టముండబోదని తోచును.

చట్టము వచ్చినది, సంవత్సరములు గడచినవి. 1962 నుండి 1969 నవంబరు వఱకు కార్మికులు పెట్టుకొన్న అర్జీలలో ఒక్కటియైనను అంగీకరింపబడలేదు. ఏడేండ్లలో ఒక్క పనివానికైన ఈ చట్టము క్రింద ఒక్క డాలరు ముట్టలేదు.

ఏమి కారణము? అధికారులు దుర్మార్గులా? కాదు. చట్టములోనే రెండు ముళ్లు పడియుండెను. దిగుమతి పెరుగుటకు ప్రధాన కారణము ఫలాని సుంకపు తగ్గింపే యని మొదట ఋజువు చేయవలెను. పని పోవుటకు ప్రధాన కారణము ఆ దిగుమతియే యని పిదప ఋజువు చేయవలెను. ఒక చెప్పుల ఫ్యాక్టరీ మూతపడుటకు యంత్రము పాతదగుట, యజమాని యజాగ్రత్త, జనుల యభిరుచి మారుట, ఇటలీనుండి చెప్పులు వచ్చుట, ఇన్ని కారణములుండును. వానిలో ‘ప్రధానము’ ఏదో, అదియు ఎప్పుడో జరిగిన ఒక సుంకపు తగ్గింపువలననే కలిగినదో, పని పోయిన చెప్పులు కుట్టువాడు ఎట్లు తేల్చి చెప్పగలడు? చెరువులో మునిగిన రైతును, నీ పొలమున నిలిచిన నీరు ఏ మేఘమునుండి కురిసినదో చూపుమని యడిగినట్లుండెను.

దీని ఫలము కేవలము కొందఱు నష్టపోవుటతో ముగియలేదు. మాట నమ్మి స్వేచ్ఛావర్తకమునకు ఒప్పుకొన్న కార్మిక సంఘములు, ఈ సాయమును పాడెకు డబ్బిచ్చు భీమా యని యీసడించినవి. 1970 తరువాత అవియే దిగుమతులను కట్టడి చేయవలెనని పట్టుబట్టినవి. నెరవేరని వాగ్దానము మిత్రుని శత్రువును చేయును. ఇది యిల్లాండ్రందఱు ఎఱిగిన నీతియే.

ముడులు విప్పుటకు 1974 నాటి వాణిజ్య చట్టము ప్రయత్నించెను. అధ్యక్షుడు ఫోర్డు దానిపై 1975 జనవరి 3న సంతకము చేసెను. సుంకపు తగ్గింపుతో సంబంధము చూపనక్కఱలేదు. దిగుమతులు ‘ముఖ్యముగా తోడ్పడిన’ చాలును. ఒకే ఫ్యాక్టరీకి చెందిన మువ్వురు పనివారు కలసి అర్జీ పెట్టుకొనవచ్చును. కార్మికశాఖయే విచారించి తీర్పు చెప్పును. భృతి నూటికి 70 వంతులయ్యెను. ద్వారము తెఱచుకొన్నది.

అంతలో 1980 వచ్చినది. చమురు వెల పెరిగి, జపాను చిన్నకారులు విరివిగా దిగి, డెట్రాయిటు ప్రాంతమున కార్ల ఫ్యాక్టరీలు లక్షలకొలది పనివారిని ఇంటికి పంపివేసెను. ఆ యొక్క సంవత్సరమున అయిదు లక్షలకు మించినవారు ఈ సాయమును పొందిరి; ఖర్చు సుమారు 160 కోట్ల డాలర్లు. విచారించి చూడగా వారిలో చాలమంది కొంతకాలమునకు పాత ఫ్యాక్టరీకే తిరిగి పిలువబడిన వారనియు, కొందఱికి పని మరల దొరకిన పిదప గాని సొమ్ము చేతికి రాలేదనియు తేలెను. ఆకలివేళ రాని యన్నము అరగిన పిదప వచ్చినది. శిక్షణ పొందినవారు బహుస్వల్పము. 1981లో అధ్యక్షుడు రీగను కాలమున భృతిని సాధారణపు నిరుద్యోగభృతి మట్టమునకు దించి నియమములను బిగించిరి. 1988లో శిక్షణలో చేరినవానికే భృతియను నియమమును పెట్టిరి. 1994లో మెక్సికో, కెనడాలతో స్వేచ్ఛావర్తకపు టొడంబడిక అమలులోనికి వచ్చినప్పుడు, ఆ దేశములకు తరలిపోయిన ఫ్యాక్టరీల పనివారికి ప్రత్యేకముగ నొక పద్ధతి నేర్పఱచిరి.

2002లో ఈ వేర్వేరు పద్ధతులన్నిటిని చేర్చి సంస్కరించిరి. అందులో రెండు క్రొత్త యంశములు గలవు. పని పోగానే అమెరికాలో వైద్యపు భీమా కూడ పోవును గనుక, భీమా కిస్తీలో నూటికి 65 వంతులను ప్రభుత్వమే భరించును. రెండవది, యాబది దాటినవాడు తక్కువ జీతమునకు వేఱుపనిలో చేరినచో, పాత జీతమునకును క్రొత్త జీతమునకును గల తేడాలో సగమును రెండేండ్లపాటు, 10,000 డాలర్లు మించకుండ, ప్రభుత్వ మిచ్చును. ఏటికి 30,000 డాలర్లు తెచ్చుకొను మనిషి 22,000 డాలర్ల పనిలో చేరెననుకొందము. తేడా 8,000, అందు సగము 4,000. ముసలితనమున బడికి పోలేనివాడు తన గౌరవము చెడకుండ పనిలో కుదురుకొనుట కిది మంచి యుపాయము.

ఈ చట్టమునకు మఱుసటి యేడే గొప్ప పరీక్ష వచ్చినది. ఉత్తర కేరొలీనా రాష్ట్రమున కన్నాపొలిస్ అను ఊరు గలదు. ఇరువదవ శతాబ్దారంభమున కానను అను వర్తకుడు తువాళ్లు, దుప్పట్లు నేయు మిల్లుకొఱకు కట్టించిన ఊరది. ఇండ్లు మిల్లువి, వీథులు మిల్లువి. 1984 వఱకు దానికి పురపాలక సంఘమైన లేదు. తాత, తండ్రి, కుమార్తె, మనుమడు వరుసగా ఆ మిల్లులోనే పనిచేసిరి. పదునాఱేండ్లకే పని దొరకుచుండగా బడి ముగించుట యెందులకని చాలమంది చదువు మధ్యనే మానిరి. యాజమాన్యము చేతులు మారి మారి పిల్లోటెక్సు అను కంపెనీ వశమయ్యెను. ఆసియానుండి వచ్చు చౌకబట్టతో పోటీపడలేక, అప్పుల భారమున క్రుంగి, 2003 జూలై 30న ఆ కంపెనీ మూతపడెను. మొత్తము సుమారు 6,450 మందికి పని పోయెను. ఉత్తర కేరొలీనాలోనే సుమారు 4,800 మంది. ఆ రాష్ట్ర చరిత్రలో అంతవఱకు ఒక్కనాడు అంతమందికి పని పోయి యుండలేదు.

ఈమాఱు సాయము శీఘ్రముగనే వచ్చినది. ప్రభుత్వోద్యోగులు ఊరికి పోయి పేర్లు వ్రాసికొనిరి. సమీపమునందలి ప్రజా కళాశాల తన తలుపులు తెఱచెను. ముప్పదియేండ్లు మగ్గముల చప్పుడులో గడపిన స్త్రీలు, కొందఱు మనుమలెత్తినవారు, పలకా బలపము పట్టిన పిల్లలవలె భిన్నములు, వ్యాకరణము నేర్చుకొనుటకు బల్లలపై గూర్చుండిరి. మన దేశమున వయోజన విద్యకై పాటుపడిన వారు ఈ దృశ్యము నూహించుకొనగలరు. నలువదియేండ్లు దాటినపిదప తాను చదువురానిదానినని పదిమందిలో నొప్పుకొనుటకు ఎంత ధైర్యము కావలెను! అందు కొందఱు నర్సుపని నేర్చిరి. కొందఱు లెక్కలు వ్రాయు పనులలో కుదిరిరి. ఉన్నత పాఠశాలకు సమానమైన పరీక్షలో కృతార్థులైనవారు, పాత మిల్లు జీతము మరల చేతికి రాకున్నను, తల యెత్తుకొని నడచిరి.

అయినను లోపములు లేకపోలేదు. పని పోయిన 16 వారములలోగా గాని, అర్జీ అంగీకరింపబడిన 8 వారములలోగా గాని, ఏది ఆలస్యముగా వచ్చునో ఆ గడువులో శిక్షణలో చేరనివారికి భృతి రాదు. ఇల్లు తాకట్టులో నున్న తల్లికి ఏ చదువు చదువవలెనో తేల్చుకొనుటకు ఎనిమిది వారములు చాలునా? భీమా కిస్తీలో ప్రభుత్వము 65 వంతు లిచ్చినను మిగిలిన 35 వంతులను చెల్లింపలేక చాలమంది ఆ సాయమును తీసికొననేలేదు. ఇచ్చువాని లెక్క సరిగానే యున్నది. పుచ్చుకొనువాని సంచి వట్టిదని ఆ లెక్కలో లేదు. మిల్లు కట్టడములను పిమ్మట పడగొట్టిరి. ఆ స్థలమున పరిశోధనాలయములు లేచినవి. వానిలో పనికి పట్టభద్రులు కావలెను గాని తువాళ్లు నేసిన చేతులు కావు.

ఈ సాయమువలన నిజముగా మేలు గలిగినదా? పండితులలో భిన్నాభిప్రాయములు గలవు. 2012లో వెలువడిన ప్రభుత్వపు మదింపు ఒకటి, సాయము పొందినవారు నాలుగవ సంవత్సరమున సైతము తమవంటి యితరులకంటె తక్కువ యార్జించుచుండిరని చెప్పెను. 2018లో హైమన్ అను ఆర్థికవేత్త వేఱొక మార్గమున పరిశోధించెను. అర్జీలను విచారించు నధికారులలో కొందఱు ఉదారులు, కొందఱు కఠినులు. ఎవరి యర్జీ యెవరి బల్లపై పడునో యదృష్టము. కనుక ఒకే స్థితిలో నున్న పనివారిలో కొందఱికి సాయము దొరకెను, కొందఱికి దొరకలేదు. ఈ యిరువాగులను పోల్చి చూడగా, సాయము పొందినవారు పదియేండ్లలో మొత్తముమీద సుమారు 50,000 డాలర్లు హెచ్చుగా సంపాదించిరని ఆయన తేల్చెను. పదియేండ్ల తుదకు ఆ తేడా సన్నగిల్లెనని కూడ ఆయనయే చెప్పెను. దీనినిబట్టి శిక్షణ మృతసంజీవని కాదు. అయినను వట్టిది కాదు.

మఱియొక సంగతి. చీనా సరకులవలన ఫ్యాక్టరీలు మూతపడిన జిల్లాలను ఆటర్, డార్న్, హాన్సన్ అను మువ్వురు పరీక్షించి 2013లో ప్రకటించిన వ్యాసమున, ఆ జిల్లాలలో అంగవైకల్యపు పింఛనుల ఖర్చు పెరిగినంతలో ఈ వాణిజ్యపు సాయము అత్యల్పభాగము మాత్రమే పెరిగెనని చూపిరి. అనగా వాణిజ్యమున దెబ్బతిన్నవారి కని కట్టించిన ద్వారము ఇఱుకై, వారు రోగులమని చెప్పుకొని వేఱొక ద్వారమున లోనికి పోవలసివచ్చెను. పని చేయగల మనిషి పని చేయలేనని వ్రాసియిచ్చినగాని అన్నము దొరకని స్థితికంటె సంఘమునకు నష్టమేమి గలదు?

ఇచ్చట మన తెలుగువారి కథ మరల వచ్చి కలియుచున్నది. ఈ శతాబ్దారంభమున అమెరికాలోని సాఫ్టువేరు పనులు కొన్ని ఇండియాకు తరలినవి. అవి చేరిన నగరములలో మన హైదరాబాదు ఒకటి. అట్లు పని పోయిన అమెరికావారు కొందఱు ఈ సాయమునకై అర్జీ పెట్టుకొనిరి. సాఫ్టువేరు చేతితో పట్టుకొను వస్తువు కాదు గనుక చట్టము మీకు వర్తింపదని కార్మికశాఖ త్రోసివేసెను. వారు న్యాయస్థానమున కెక్కిరి. 2006లో శాఖ తన మతమును మార్చుకొనెను. 2009 చట్టము సేవావృత్తులవారిని కూడ చేర్చుకొనెను. మూడువందల యేండ్ల క్రిందట మచిలీపట్టణపు బట్ట స్పిటల్‌ఫీల్డ్సులో నొక మగ్గము నాపినట్లే, మన బిడ్డల నేర్పు అమెరికాలో నొక యింటి పొయ్యి నార్పి యుండవచ్చును. మన బిడ్డలు చేసినది తప్పని మేమనుట లేదు. నష్టపోయిన వాని మొగమును మనము కూడ ఒకమాఱు చూడవలెనని మాత్రమే చెప్పుచున్నాము.

ఇంతటి చట్టము ఎట్లు ఆగినది? ఇందలి రహస్యము దాని పుట్టుకలోనే యున్నది. 1962లో గాని, 1974లో గాని, 2002లో గాని, 2015లో గాని, అధ్యక్షునకు క్రొత్త వర్తకపు టొడంబడికలకై కాంగ్రెసు సమ్మతి కావలసినప్పుడెల్ల, దానికి వెలగా ఈ సాయమును పొడిగించుచు వచ్చిరి. ఒడంబడికలపై జనులకు విముఖత్వము గలిగి, అట్టి యధికారము 2021లో గడువుతీరి మరల కోరబడకపోవుటతో, వెల చెల్లింపవలసిన యక్కఱ తీరెను. 2022 జూలై 1 నుండి క్రొత్త యర్జీల విచారణ నిలిచిపోయెను. అంతకు పూర్వము అంగీకరింపబడినవారికి మాత్రము సాయము సాగెను. ఆ యరువదియేండ్లును అది పనివాని హక్కుగా గాక, రాజకీయపు బేరమున కొసరుగా నుండెను. బేరము లేనినాడు కొసరును లేదు.

విచిత్రమేమనగా, 1962 చట్టముననే 232వ ప్రకరణ మొకటి గలదు. దేశరక్షణకై దిగుమతులను కట్టడిచేయు నధికారమును అది అధ్యక్షున కిచ్చును. 2018 మార్చిలో దాని నాధారముగా గొని ఉక్కుపై నూటికి 25, అల్యూమినియముపై 10 వంతుల సుంకము విధించిరి. తలుపు తెఱచుటకును, తెఱచినందున దెబ్బతిన్నవారిని ఆదుకొనుటకును పుట్టిన చట్టములో, ఆదుకొను భాగము నిద్రించెను; తలుపు మూయు భాగము మేల్కొనెను. చరిత్ర మూడవ సమాధానము నుండి మరల మొదటిదానికి మళ్లినది. సాయము సకాలమున, సంకోచము లేక చేసియుండినచో తలుపు మూయుమను కేక ఇంత బిగ్గఱగా లేచియుండునా?

మన దేశమునకు ఈ కథ దూరపుది కాదు. 1991 పిమ్మట మనము కూడ తలుపులు తెఱచితిమి. 2001 ఏప్రిలు 1 నాటికి దిగుమతుల పరిమాణముపై మిగిలియుండిన నిర్బంధములను చాలవఱకు తొలగించితిమి. చీనా పట్టునూలు చౌకగా వచ్చినప్పుడు ధర్మవరపు నేతగానికి అది వరముగా తోచును. హిందూపురపు సంతకు పట్టుగూళ్లు తెచ్చు రైతునకు అదే శాపము. ఇరువురును ఒకే సీమవారు. ఒకరి లాభములో ఇంకొకరి నష్టమును తీర్చు త్రోవను వెదకుట పాలకుల ధర్మము. వెదకుమని యడుగుట మన ధర్మము.

చదువరులారా, మేము స్వేచ్ఛావర్తకమును నిందింపలేదు. రక్షణ సుంకమును పొగడలేదు. ఏ నీతి నవలంబించినను దానివలన నష్టపోవు వాడొకడుండును. వానికి చేయు సాయమును దానమని పిలుచు నంతకాలము అది ఆలస్యముగా, అనుమానముతో, ఋజువుల నడుగుచు వచ్చును. ఋణమని యొప్పుకొన్ననాడు గడువునకు చెల్లించు బుద్ధి పుట్టును. చౌకగా వచ్చిన తువాలునో, చీరనో మన యింటిలో మడతపెట్టు వేళ, దానిలో మిగిలిన నాలుగు డబ్బులలో ఒకటి ఎవరిదో యొకరిదని జ్ఞప్తి యుంచుకొందము. చెరువు నిండినది, పైరు పచ్చగా నున్నది. నీటియడుగున నొకని పొలమున్నది.